గురువారం దానం

జులై 6, ఆదివారం

విహారం పనులు చూసే రీనాదీ ఫోన్ చేసింది. ఈ వర్షాకాలం మూడు నెలలూ మన కద్మా బౌద్ధ విహారంలో ఉండడానికి కొత్త భంతే వస్తున్నారట. పేరు ఖేమానంద. వాళ్ళింట్లో కుక్కర్ మూడుసార్లు కూసింది.

"నీకు ఇబ్బందైతే చెప్పు ఇంద్రాణీ. వేరే భంతేని పంపమని కమిటీ చేత అడిగిస్తాను."

"నాకెందుకు దీదీ ఇబ్బంది? భిక్షువు ఎవరైనా భిక్షువే."

గొంతు మామూలుగానే ఉంది. అది బాగా గమనించుకున్నాను.

ఆరేళ్ళ కిందటి దాకా ఆ ఖేమానంద పేరు హరికిరణ్. ఇక్కడి ఉక్కు కంపెనీలో క్రేన్ నడిపేవారు. మామగారికి పిండం పెట్టడానికి గయ వెళ్ళి, పక్కనే కదా బోధ్‌గయ చూసి వస్తానని ఫోన్ చేసి, మూడు రోజులు ఆలస్యంగా ఇల్లు చేరారు. అక్కణ్ణుంచి ఒక్కొక్కటే మానడం మొదలైంది. ముందు మాంసం, తరవాత టీవీ, తరవాత మంచం, చివరికి ఉద్యోగం. నన్ను మానడానికి మాత్రం కాగితం కావలసి వచ్చింది. తల్లీ భార్యా ఒప్పుకోందే భిక్షువు కట్టే చీవరం ఇవ్వనన్నారట అక్కడి గురువుగారు.

నేను మనస్ఫూర్తిగానే సంతకం పెట్టాను. అత్త వేలిముద్ర వేసింది. ఆ కాగితం ఆవిడకి నేనే చదివి వినిపించాను. అంతా వినిపించాననే నా జ్ఞాపకం.

జులై 7

అత్తకి ఇంకా చెప్పలేదు.

జులై 10, గురువారం

ఆషాఢ పౌర్ణమి. రేపటి నుంచి వర్షావాసం. అక్టోబరు పౌర్ణమి దాకా భంతే వేరే ఊళ్ళో రాత్రి ఉండకూడదు.

తెల్లచీర కట్టుకుని వెళ్ళాను. పౌర్ణమికి ఉపాసికలందరం తెల్లవే కడతాం, ప్రత్యేకమేమీ కాదు. ఇస్త్రీ మాత్రం రెండుసార్లు చేశాను.

హాల్లో ముప్ఫై మంది ఉంటారు. ఎక్కువమంది బరువాలు, తాతల కాలం నుంచీ బౌద్ధులైన బెంగాలీలు. తెలుగువాళ్ళం నేనూ పోలరాజు గారూ. ఆయన రైలింజను నడిపి రిటైరయ్యారు. భార్య పోయాక విహారంలోనే కింది గదిలో ఉంటూ, భంతేకి కావలసినవి చూసుకుంటున్నారు. ఇంజను మోతకి ఎడమ చెవి పోయింది.

ఆయన వచ్చి కూర్చున్నారు. ఇక నుంచి ఆయన అనే రాస్తాను. మొగుడైనా ఆయనే, భిక్షువైనా ఆయనే. చాలా చిక్కిపోయారు. జుట్టు లేక కాబోలు, చెవులు పెద్దవైనట్టున్నాయి. మూడుసార్లు నేలకి తల ఆనించి మొక్కాను. మూడోసారి లేచేసరికి కూడా ఆయన చూపు చాప మీదే ఉంది.

మామూలు రోజుల్లో అయిదు శీలాలు, పౌర్ణమికి ఎనిమిది. భంతే ఒక్కొక్కటీ చెబితే మేం పలకాలి. ప్రాణం తీయను. ఇవ్వనిది తీసుకోను. మూడోది బ్రహ్మచర్యం. ఆయన చెప్పారు, నేను పలికాను. ముప్ఫై గొంతుల్లో నాది ఏదో ఆయనకి తెలిసి ఉండదు.

అయ్యాక రీనాదీ వంతుల కాగితం తీసింది. ఏ రోజు భోజనం ఏ ఇంటి నుంచి అన్నది అందులో ఉంటుంది. గురువారం నాది, రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో నా రెస్టు ఆ రోజే. "మార్చమంటావా?" అన్నట్టు కళ్ళతో అడిగింది. ఎందుకు మార్చాలి? మూడేళ్ళుగా గురువారం నాదే. నేను దానానికి వెళ్తున్నాను. తీసుకునేది ఎవరైతే నాకేం?

జులై 12

అత్తకి చెప్పాను. మా సీతారాండేరా బజారు నుంచి తెచ్చిన తోటకూర ఒలుస్తోంది. చెయ్యి ఆపలేదు.

"కద్మాలోనా?"

"కద్మాలోనే."

"ఆటో ఎక్కితే ఇరవై నిమసాలు. ఇంటికి రాడా?"

"పిలిస్తే రావచ్చు అత్తా. దండం పెట్టాలి మరి, భంతే అనాలి."

"గుండు గీయించుకుని గుడ్డ సుట్టుకుంటే నా కడుపున పుట్టినోడికి నాను దండవెట్టాలా? ఆడు ఎలిపోయినప్పుడు నన్నడిగేడేటే?"

నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాను. పాలు పొంగుతాయేమోనని. పాలు పెట్టనేలేదు.

జులై 17, గురువారం

అన్నం, పప్పు, ఆవపెట్టిన అరటికాయ కూర, మజ్జిగ. ఏ భంతేకైనా ఇదే తీసుకెళ్తాను.

మోకాళ్ళ మీద కూర్చుని గిన్నెలు ఒక్కొక్కటీ రెండు చేతులతో అందించాలి. చేతికి అందించనిది భిక్షువు నోట పెట్టకూడదు. వండుకోకూడదు, రేపటికి దాచుకోకూడదు, డబ్బు ముట్టకూడదు, మధ్యాహ్నం పన్నెండు దాటితే తినకూడదు, ఇది కావాలని అడగకూడదు. ఇన్ని కూడనివాటి మధ్య ఇల్లు వదిలినవాడు బతకాలంటే ఇల్లు వదలనివాళ్ళు కావాలి. ఆ వదలనివాళ్ళం మేం.

ఆయన వెళ్ళిన రెండేళ్ళకి మొదటిసారి ఈ విహారం మెట్లెక్కాను. మమ్మల్ని వదిలి వెళ్ళేంత గొప్పది ఇందులో ఏముందో చూద్దామనే వచ్చాను. చూశాను. మంచిదే ఉంది. అందుకే గట్టిగా కోప్పడలేకపోయాను.

పప్పూ కూరా మజ్జిగా అన్నీ పాత్రలో కలిపేసి తిన్నారు. రుచి మీద మనసు పోకుండా అలా తింటారు. ఒక్కసారైనా తల ఎత్తలేదు.

జులై 24, గురువారం

దప్పళం పెట్టాను. గుమ్మడికాయ ముక్కలు, కొంచెం బెల్లం.

తినడం అయ్యాక పాత్ర అంచు చుట్టూ చూపుడువేలు తిప్పి, ఆ వేలు నోట్లో పెట్టుకున్నారు. ఒక్క క్షణం. తరవాత ఉలిక్కిపడినట్టు చెయ్యి కడుక్కున్నారు.

పెళ్ళైన కొత్తలో ఆ అలవాటు చూసి నవ్వేదాన్ని.

ఇంటికి నడుచుకుంటూ వచ్చాను. కద్మా నుంచి సీతారాండేరా దాకా, వర్షంలో. ఆటోలు లేవని కాదు.

జులై 31, గురువారం

దప్పళం, వంకాయ కాల్చిన పచ్చడి, పులిహోర, పెసర పుణుకుల కూర, సేమ్యా పాయసం.

ఆగస్టు 7, గురువారం

పొద్దున్న నాలుగున్నరకి లేచాను. కొబ్బరి దొరకలేదని నిన్న డ్యూటీ అయ్యాక సాక్చీ బజారంతా తిరిగాను. మా అమ్మాయి తనుశ్రీ కాలేజీకి తయారవుతూ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. నేను తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబిచ్చే పిల్ల.

"మమ్మీ, యే దాన్ హై యా దావత్?"

"విందేటే? ఏటే ఆ మాటలు? దానమంటే ఉన్నంతలో మంచిది పెట్టాలి."

"పిఛ్లే భంతేకో తో సిర్ఫ్ ఖిచిడీ దేతీ థీ."

కిందటి భంతే ముసలివారు, ఆయనకి పళ్ళు లేవు, అందుకని కిచిడీ. ఆ సంగతి చెప్పేలోపు వెళ్ళిపోయింది.

ఆగస్టు 14, గురువారం

దానం అయ్యాక రీనాదీ నన్ను మెట్ల దగ్గర ఆపింది. కొంగు చివర చుడుతూ విప్పుతూ ఉంది.

"భంతే ఒక మాట చెప్పమన్నారు. గురువారం ఇంకొక ఇంటి నుంచి వస్తే మంచిదన్నారు."

"బాగాలేదన్నారా?"

"బాగాలేదని భిక్షువు అనడు కదా. ఇంకొక ఇంటి నుంచి అన్నారు, అంతే."

గిన్నెలు తోమి బోర్లించాను. స్టీలు డబ్బా మూత ఎక్కడ పెట్టానో గుర్తులేదు, అక్కడే మరిచిపోయి ఉంటాను. అడగడానికి వెళ్ళను.

ఆగస్టు 15

రాయి లాంటి మనిషైతే అన్నం ఏ ఇంటి నుంచి వస్తే ఏం?

వద్దన్నారంటే కదిలిందన్న మాట. నా చేతి కూర ఆరేళ్ళ ధ్యానాన్ని కదిలించింది.

పొద్దుటి నుంచి సంతోషంగా ఉంది. ఇలాంటి సంతోషం ఉపాసికకి ఉండకూడదు. ఉంది.

ఆగస్టు 21, గురువారం

వెళ్ళలేదు. బీరువా సర్దాను.

ఆగస్టు 28, గురువారం

వెళ్ళలేదు. ఫ్యాన్లు తుడిచాను. పదకొండయ్యేసరికి ఈ పాటికి తింటూ ఉంటారు అనుకున్నాను. ఏ ఇంటిదో, ఏం కూరో.

సెప్టెంబర్ 9

అత్త బాత్రూంలో పడిపోయింది. ఎడమ చెయ్యీ మూతీ లాగేశాయి. ఆసుపత్రి. తనుశ్రీ అంబులెన్సులో నానమ్మ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఏడవలేదు. ఆ పిల్ల ఏడవకపోతే నాకు భయం.

సెప్టెంబర్ 14

ఇంటికి తెచ్చేశాం. ప్రాణానికి ముప్పు లేదన్నారు. మాట కొంచెం ముద్దగా వస్తోంది. ఎడమ చెయ్యి ఎప్పటికి వస్తుందో చెప్పలేమన్నారు. నేను పది రోజులు సెలవు పెట్టాను.

పోలరాజు గారు ఫోన్ చేసి అడిగారు, "అమ్మని చూడ్డానికి భంతే గోరు వత్తారట. తీసుకురమ్మంటావా అమ్మా?" తల్లికి జబ్బు చేస్తే భిక్షువు వచ్చి సేవ చేయవచ్చు. బుద్ధుడే ఒప్పుకున్నాడు. నేను రమ్మన్నాను, అత్త కోసం.

సెప్టెంబర్ 16, మంగళవారం

మధ్యాహ్నం మూడు దాటాక వచ్చారు. ఆరేళ్ళ తరవాత ఈ గుమ్మం. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియనట్టు ఒక్క నిమిషం నిలబడి, ఎప్పుడూ విడిచే చోటే విడిచారు. కుర్చీ మీద ఉతికిన దుప్పటి పరిచాను. పోలరాజు గారు కిటికీ దగ్గర కూర్చున్నారు.

అత్త చాలాసేపు చూసింది. "గుండు మీద సెయ్యి ఎయ్యొచ్చేటే?" అని నన్నడిగింది. ఆయన మంచం పక్కకి వంగారు. అత్త కుడిచేత్తో తల తడిమింది, చంటిపిల్లవాడి మాడు తడిమినట్టు. పోలరాజు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

అప్పుడే అత్తకి పప్పన్నం పెట్టాను. ఒక ముద్ద కలిపి నోటికి తెచ్చుకుని ఆగిపోయింది. ఆ ముద్ద ఆయన నోటి వైపు చాపింది.

"తిను."

ఆయన కదలలేదు.

"అత్తా, ఇప్పుడు తినకూడదు. టైము దాటిపోయింది," అన్నాను.

"నా కొడుక్కి ముద్దెట్టడానికి టైమేటే? ఇది రైలేటి?"

మెతుకులు దుప్పటి మీద పడుతున్నాయి. ఆయన నా వైపు చూశారు. ఈ రెండు నెలల్లో మొదటిసారి చూశారు. తింటానని కాదు, తిననని కాదు. నన్ను అడుగుతున్నారు.

"రేపు పొద్దున్న పెడుదువు గాని అత్తా. నేను వండుతాను, నువ్వే పెడుదువు."

అత్త ముద్ద కంచంలో వదిలేసి గోడ వైపు తిరిగింది.

నేను చేసింది సరైనదే. భిక్షువు నియమం కాపాడడం ఉపాసిక పని. తరవాత అత్త ఏమీ తినలేదు. రేపు పొద్దుటికి ఈవిడకి ఏమైనా అయితే? నియమం కాపాడానా, ఆగస్టు పద్నాలుగుకి బదులు తీర్చుకున్నానా?

సెప్టెంబర్ 17, బుధవారం

ఉంది. అయిదింటికి లేచి చూశాను, ఊపిరి తీస్తోంది. దండం పెట్టాను, ఎవరికో తెలియదు.

వీధిలో విశ్వకర్మ పూజ మైకులు. ఒకప్పుడు ఈ రోజు ఆయన క్రేన్‌కి బొట్టు పెట్టి, చేతులనిండా కుంకుమతో ఇంటికి వచ్చేవారు.

పదింటికి వచ్చారు. అత్తని దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. ఆయన అరచెయ్యి చాపారు, అత్త అందులో ముద్ద పెట్టింది, ఆయన తిన్నారు. అలా ఏడు ముద్దలు.

"ఉప్పు సరిపోయిందేట్రా?"

"సరిపోయిందమ్మా."

అంతవరకూ మా ఇద్దర్నీ 'ఉపాసికా' అనే పిలిచారు. అమ్మా అన్నాక ఆయన ముఖం చూడలేకపోయాను. గబగబా చెయ్యి కడుక్కుని, దీవెన చెప్పకుండానే మెట్లు దిగిపోయారు. పోలరాజు గారు గొడుగు మా ఇంట్లో మరిచిపోయి ఆయన వెనకాల పరిగెత్తారు.

అత్త మూతి తుడుచుకుంటూ, "సిక్కిపోనాడే," అంది. తరవాత ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయింది.

సెప్టెంబర్ 25, గురువారం

విహారానికి రమ్మని కబురు. వెళ్ళాను.

ఆడమనిషితో భిక్షువు ఒంటరిగా మాట్లాడకూడదు, మూడో మనిషిగా మగవాడు ఉండాలి. పోలరాజు గారు వచ్చి కూర్చున్నారు. కూర్చున్నాక ఒకసారి మా ఇద్దర్నీ చూసి, జరిగి, ఎడమ చెవి మా వైపు తిప్పుకున్నారు.

"ఉపాసికా, మీరు అప్పుడు అనుమతి ఇచ్చారు," అని ఆయన మొదలుపెట్టారు. "అది అనుమతి కాదని నాకు ఆ రోజే తెలుసు."

"తెలిసే తీసుకున్నారా?"

"తెలిసే తీసుకున్నాను. నేను ఆర్నెల్లలో తిరిగొస్తాననుకుని నువ్వు సంతకం పెట్టావు. నేను అలా అనుకోనిచ్చాను. అమ్మకి ఆ కాగితం ఏమిటో తెలియదు. అదీ నాకు తెలుసు."

మీరు కాస్తా నువ్వు అయింది. ఆయన గమనించారో లేదో.

"ధ్యానంలో కూర్చుంటే ఆ కాగితమే కనిపిస్తోంది ఇంద్రా. ఇవ్వనిది తీసుకోకూడదని అందరికీ శీలం చెబుతాను. నేను తీసుకున్నాను. అందుకని అడుగుతున్నాను. ఇప్పుడు నువ్వు రమ్మంటే, మా గురువుగారికి చెప్పి చీవరం తీసేసి వస్తాను. అందులో తప్పేమీ లేదు, చాలామంది తీసేస్తారు. వర్షావాసం అయ్యేలోపు చెప్పు."

ఈ మాట కోసం ఆరేళ్ళు. వినగానే లేచి రండి అనేస్తాననుకునేదాన్ని. "సరే భంతే," అని మూడుసార్లు మొక్కి వచ్చేశాను. అలవాటు.

సెప్టెంబర్ 26

రమ్మంటాను. అందులో ఆలోచించడానికి ఏముంది?

సెప్టెంబర్ 27

తనుశ్రీకి చెప్పాను. పుస్తకం మూసింది.

"ఆయేంగే తో సోయేంగే కహాఁ? మేరే కమ్రే మే?"

"ఎక్కడో పడుకుంటారు. నవ్వులాట కాదే."

"మై భీ మజాక్ నహీ కర్ రహీ." ఈసారి తెలుగులో అంది, చిన్నప్పటి తెలుగు, తడుముకుంటూ. "నాకు సెవెన్త్‌లో కావాలి. ఎయిట్త్‌లో కావాలి. రోజూ గేటు దగ్గర చూసేదాన్ని. ఇప్పుడు వద్దు. నీకు కావాలంటే తెచ్చుకో మమ్మీ. నా కోసం అని మాత్రం చెప్పకు."

సెప్టెంబర్ 30

దసరా పూజ రోజులు. రాత్రీ పగలూ ఢాకీల డోళ్ళు. కౌంటర్ ముందు క్యూ గేటు దాకా ఉంది. కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఇద్దరు వచ్చి, పక్కపక్క బెర్తులు కావాలని బతిమాలారు. లేవు. ఉన్నాయేమోనని నాలుగు రైళ్ళలో వెతికాను. వెనకాల జనం తిట్టారు.

అక్టోబర్ 2, గురువారం

రీనాదీ దశమికి మిఠాయి తెచ్చింది. ఆవిడకి ఏమీ చెప్పలేదు, కానీ తెలుసు. అత్త నిద్రపోయాక వాళ్ళ మేనమామ కథ చెప్పింది.

"మా ఇళ్ళల్లో మగపిల్లలు ఓ వారమో నెలో చీవరం కట్టుకుని వచ్చేస్తారు, అది మామూలే. మా మామయ్య వదల్లేదు. పదేళ్ళు ఉన్నాడు. అమ్మమ్మ అన్నం మానేసి కూర్చుంటే వచ్చాడు. పెళ్ళి చేసుకున్నాడు, బట్టల కొట్టు పెట్టాడు, బాగానే ఉన్నాడు. కానీ కూరలో ఉప్పెక్కువైనా, పిల్లవాడు ఫెయిలైనా ఒకటే మాట: అమ్మ రమ్మంటే వచ్చాను. అమ్మమ్మ పోయిన రోజు కూడా ఆ మాటే అన్నాడు."

"అయితే వద్దంటావా దీదీ?"

"నేనేమీ అనను. అన్నం పెట్టగలను, బట్ట ఇవ్వగలను, జ్వరమొస్తే మందు తేగలను. ఉపాసికగా నా పని అంతవరకే. ఎవరు ఉండాలో ఎవరు వెళ్ళాలో చెప్పే పని నాకెవరూ ఇవ్వలేదు."

మిఠాయి డబ్బా తెరవకుండానే ఇద్దరం టీ తాగాం.

అక్టోబర్ 4

రమ్మంటాను.

అక్టోబర్ 5

రమ్మంటాను. అత్త చివరి రోజులు. ఆ ఒక్క కారణం చాలు. నా కోసమని ఎవరన్నారు?

అక్టోబర్ 6, పౌర్ణమి

వర్షావాసం పూర్తయింది. అందరూ వెళ్ళాక పైన మేం ముగ్గురం మిగిలాం. పోలరాజు గారు మళ్ళీ ఎడమ చెవి ఇటు పెట్టారు.

దారి పొడుగునా "రండి" అనే మాటే మననం చేసుకుంటూ వెళ్ళాను. ఆయన తల ఎత్తి నన్ను చూశారు. మొన్న అత్త ముద్ద పట్టుకున్నప్పుడు చూసిన చూపే. నువ్వు చెప్పు, నేను చేస్తాను అనే చూపు. సంతకం రోజు కూడా అలాగే చూశారు. ఇప్పుడు గుర్తొచ్చింది.

"రమ్మని నేను చెప్పను," అన్నాను.

నా నోటి నుంచే వచ్చింది.

"ఉండమనీ చెప్పను. అప్పుడు నా సంతకంతో వెళ్ళారు. ఇప్పుడు నా మాటతో రావద్దు. ఉంటే మీరుండండి, వస్తే మీరు రండి. ఈ బరువు రెండోసారి నా నెత్తిన పెట్టకండి."

"వస్తే?" అన్నారు.

"వస్తే తలుపు తీస్తాను. నిద్రలో ఉన్నా లేచి తీస్తాను. అది మీకు తెలుసు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "తీసుకున్నది తప్పు. క్షమించు," అన్నారు.

"క్షమించాను." ఇంకో మాట కూడా చెప్పాల్సి ఉంది, చెప్పేశాను. "అత్తకి ఆ కాగితం నేనూ సరిగా చదవలేదు. మీ ఒక్కరిదే కాదు."



అక్టోబర్ 7

గేటు చప్పుడైతే లేచాను. పాలవాడు.

అక్టోబర్ 9, గురువారం

మళ్ళీ నా వంతు నాకిమ్మన్నాను. భంతే వద్దనలేదని రీనాదీ చెప్పింది. అన్నం, పప్పు, అరటికాయ. వంచిన తల ఎత్తకుండా తిన్నారు. నేనూ తల వంచే ఉన్నాను.

రాలేదు.

అక్టోబర్ 16, గురువారం

అన్నం, పప్పు, బెండకాయ. రాలేదు.

అత్తకి అంతా చెప్పేశాను. కాగితం సంగతి కూడా. తిడుతుందనుకున్నాను. "నాకు సదువు రాదు గానీ నీ ముకం సదవలేనేటే? ఆ రోజే తెల్సు. ఆపితే ఆగే మడిసి కాడని ఏలెట్టీసేను," అంది. ఆరేళ్ళు ఆవిడ నాకు చెప్పకుండా దాచింది. నేను ఆవిడకి చెప్పకుండా దాచాను. ఇద్దరం ఒకే పళ్ళెంలో తింటూ.

అక్టోబర్ 24

రాలేదు అని రాయడం మానేస్తాను.

నవంబర్ 2, ఆదివారం

చీవర దానం. వర్షావాసం చేసిన భంతేకి ఊరి ఉపాసకులందరూ కలిసి కొత్త బట్ట ఇచ్చే రోజు. వేరే ఊళ్ళ నుంచి నలుగురు భంతేలు వచ్చారు. షామియానా, మైకు, బరువాల పిల్లల పాటలు.

చీవరం పళ్ళెం ఏటా రీనాదీయే అందిస్తుంది. ఈసారి, "నా మోకాళ్ళు వంగడం లేదు, నువ్వు పట్టుకో," అంది. పొద్దుటి నుంచీ అవే మోకాళ్ళతో మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగింది.

పళ్ళెంలో మడత పెట్టిన కాషాయం. అందరూ వచ్చి ఒక్కొక్కరూ చెయ్యి తాకించి వెళ్ళారు. అత్త చక్రాల కుర్చీలోంచి తాకించింది. తనుశ్రీ రాదనుకున్నాను. వచ్చింది, రెండు వేళ్ళు పెట్టి తీసేసింది. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని ఆయన ముందు పళ్ళెం చాపాను.

వచ్చేసే మనిషైతే ఇది తీసుకోరు. ఆ మాట నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు.

రెండు చేతులూ చాపారు. వేళ్ళు పళ్ళెం అంచుని పట్టుకున్నాయి. నేను వదల్లేదు. ఎంతసేపో చెప్పలేను, మైకులో ఎవరో ఏదో చదువుతున్నారు. ఆయన లాక్కోలేదు. పట్టుకుని ఆగారు. తొందరేమీ లేనట్టు, నేను ఎంతసేపు ఆగితే అంతసేపూ ఆగుతానన్నట్టు. ఈసారి నిజంగా ఇచ్చేదాకా తీసుకోరు.

వదిలాను.

నవంబర్ 5

బోధ్‌గయ దగ్గర ఏదో విహారానికి వెళ్ళిపోయారు. నాకు డ్యూటీ. అనౌన్స్‌మెంటు కౌంటర్లోకి కూడా వినిపిస్తుంది. ప్లాట్‌ఫారం దాకా రెండు నిమిషాల నడక. లేవలేదు. కిటికీ అవతల ఒక ముసలాయన ఏ ఊరికి టికెట్టు అడిగాడో మూడుసార్లు చెప్పించుకున్నాను.

ఇంటికొచ్చాక అత్త అడిగింది.

"ఎలిపోనాడా?"

"వెళ్ళిపోయారు."

"తిన్నాడా?"

"తిన్నారట. రీనాదీ పొద్దున్నే పెట్టింది."

"అయితే నువ్వు తిను."

నవంబర్ 13, గురువారం

కొత్త భంతే సిల్చార్ వైపు బెంగాలీ మనిషి. డెబ్భై ఏళ్ళుంటాయి. మా భాష ఒక్క ముక్క రాదు. అన్నం, పప్పు, దప్పళం పెట్టాను. దప్పళంలో ముక్కలు పక్కన పెట్టేశారు, బెల్లం తీపి నచ్చలేదేమో. వచ్చే వారం వేరేది వండాలి.

భోజనం అయ్యాక పుణ్యం పంచే నీళ్ళు పోయాలి. దానం చేసినవాళ్ళు చెంబుతో గిన్నెలోకి సన్నగా ధార పోస్తుంటే భంతే దీవెన చదువుతారు. ఆ పుణ్యం ఎవరికి చేరాలో ముందు పేరు చెప్పాలి. అందరూ పోయినవాళ్ళ పేర్లు చెబుతారు. నేను ఇన్నాళ్ళూ మామగారి పేరు చెప్పేదాన్ని.

"కిస్కా నామ్?" అన్నారు భంతే.

"హరికిరణ్."

పక్కన రీనాదీ తన చెంబు కిందికి దించేసింది. పోలరాజు గారికి ఏ చెవిన వినపడిందో, నా వైపు చూశారు.

"గుజర్ గయే?" పోయారా అని భంతే మెల్లగా అడిగారు.

"నహీ భంతే. ఘర్ సే చలే గయే." ఇల్లు వదిలి వెళ్ళారన్నాను.

భంతే తల ఊపి, కళ్ళు మూసుకుని చదవడం మొదలుపెట్టారు. పేరు దగ్గరికి వచ్చేసరికి హొరికిరొన్ అన్నారు. నేను దిద్దలేదు. నా చెంబు వంచి పోస్తూనే ఉన్నాను, గిన్నె నిండి నీళ్ళు నా చీర మీదికి వచ్చేదాకా.